సుత్తి పెరిగింది, దాగలి సంగతేమిటి?

(ఇంజినీరింగ్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో లైట్లు కొంచెం తగ్గిస్తారా? వెనక కూర్చున్న వాళ్ళకి తెర కనిపించాలి. థాంక్యూ.

ఈ ఫొటోలో ఉన్నది ఒక ఉక్కు బిళ్ళ. అరచేతిలో పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలులో 316ఎల్ అనే రకం. హైదరాబాద్ చుట్టుపక్కల ఏ మందుల ఫ్యాక్టరీకి వెళ్ళినా ట్యాంకులు, పైపులు ఈ స్టీలుతోనే ఉంటాయి. మొండి లోహం. తుప్పు పట్టదు, తేలిగ్గా విరగదు. అలాంటిది ఎలా అయిపోయిందో చూడండి. అంచుల దగ్గర చిన్న చిన్న గుంటలు, చెదలు తిన్న తలుపులాగా. లోపలికి వచ్చేకొద్దీ గుంటలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఆ గుంటలే లోతై లోతై చివరికి లోపలి గోడకు చిల్లు పెట్టాయి.

అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్‌లో స్పాలేషన్ న్యూట్రాన్ సోర్స్ ఉంది. ప్రోటాన్లతో బరువైన లోహాన్ని కొట్టి న్యూట్రాన్లు పుట్టించే యంత్రం అది. ఆ ప్రోటాన్ల ధారను బీమ్ అంటాం, అది వచ్చి తగిలే భాగాన్ని టార్గెట్ అంటాం. అక్కడి మొదటి టార్గెట్ నుంచి కోసి తీసిన ముక్క ఇది. 2006 ఏప్రిల్‌లో ఆ టార్గెట్ మీద తొలిసారి బీమ్ పడింది, 2009లో దాన్ని తీసేశారు. ఈ బిళ్ళను చేత్తో పట్టుకున్న వాళ్ళు ఎవరూ లేరు, పట్టుకోకూడదు కూడా. అది ఇంకా రేడియేషన్ వెదజల్లుతూనే ఉంటుంది. సీసం కలిపిన మందపాటి గాజు కిటికీకి ఇవతల నిలబడి, అవతల ఉన్న యాంత్రిక చేతులను కదిలిస్తూ కోశారు. అలాంటి గదిని హాట్ సెల్ అంటారు.

మా అమ్మమ్మగారి ఊళ్ళో ఒక కొలిమి ఉండేది. సెలవులకు వెళ్ళినప్పుడు పిల్లలమంతా దాని ముందే కూర్చునేవాళ్ళం. ఎర్రగా కాలిన ఇనుము మీద పెద్ద సుత్తి పడుతుంటే మా కళ్ళన్నీ సుత్తి మీదే. కమ్మరి తాత మాత్రం పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు దాగలి మీద, అంటే సుత్తి దెబ్బలను కింద నుంచి మోసే ఇనుప దిమ్మ మీద, చెయ్యి వేసి నెమ్మదిగా నిమిరేవాడు. ఎక్కడైనా నెర్రె ఉందేమో అని వేలి కొసతో చూసుకునేవాడు. చాలా ఏళ్ళ తర్వాత నేను ఈ రంగంలోకి వచ్చాక ఆయన ఎందుకు అలా చేసేవాడో అర్థమైంది. ప్రోటాన్లను పరుగెత్తించే యాక్సిలరేటర్ అంటే సుత్తి. టార్గెట్ అంటే దాగలి. కొన్ని దశాబ్దాలుగా మేము సుత్తిని పెంచుకుంటూ పోయాం. కిలోవాట్ల నుంచి మెగావాట్లకు వచ్చాం. ఇవాళ చాలా చోట్ల బీమ్ ఇంకా ఎక్కువ ఇవ్వగలం. దాన్ని తట్టుకుని నిలబడే వస్తువు చేతిలో లేక ఆగుతున్నాం. ఈ గంట మీతో మాట్లాడాలనుకున్నది ఆ వస్తువు గురించే.

అసలు టార్గెట్ ఎందుకు? ప్రోటాన్లను కాంతి వేగానికి దగ్గరగా పరుగెత్తించడం ఒక్కటే చేస్తే ఏమీ రాదు. వాటిని దేనికో కొట్టాలి. పాదరసం, టంగ్‌స్టన్, సీసం లాంటి బరువైన మూలకాల కేంద్రకాన్ని కొడితే న్యూట్రాన్లు చిమ్ముతాయి. 1 గిగా ఎలక్ట్రాన్ వోల్ట్ శక్తి ఉన్న ఒక్కో ప్రోటాన్‌కు 20, 30 న్యూట్రాన్లు వస్తాయి. ఆ న్యూట్రాన్లతో బ్యాటరీ లోపల లిథియం ఎలా కదులుతోందో చూడొచ్చు, టర్బైన్ బ్లేడు లోపల దాగిన ఒత్తిడిని కొలవొచ్చు. అదే గ్రాఫైట్‌ని ఇంకా ఎక్కువ శక్తితో కొడితే పయాన్లు అనే కణాలు పుడతాయి, వాటి నుంచి న్యూట్రినోలు అనే ఇంకో రకం కణాలు. వేల కోట్ల ఖర్చుతో కట్టిన యంత్రం నుంచి మనకు కావలసింది పుట్టేది ఆ కొద్దిపాటి లోహంలోనో, ఆ బొగ్గు కడ్డీలోనో. అది పాడైతే యంత్రమంతా ఖాళీగా కూర్చుంటుంది. ప్రయోగాల కోసం ఏడాది ముందే టైమ్ బుక్ చేసుకున్న విద్యార్థులు టికెట్లు రద్దు చేసుకుంటారు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఓక్ రిడ్జ్ యంత్రాన్ని 1.4 మెగావాట్లకు డిజైన్ చేశారు. ఇంట్లో గీజరు 2 కిలోవాట్లు అనుకుంటే 700 గీజర్లు. ఆ శక్తి అంతా వచ్చి తగిలే చోటు 20 సెంటీమీటర్ల వెడల్పు, 7 సెంటీమీటర్ల ఎత్తు. మీ నోట్‌బుక్ అట్టలో సగం కూడా లేదు. సరే, గట్టిగా చల్లబరిస్తే ఇంత వేడిని తీసేయొచ్చు. బాయిలర్ ఇంజినీర్లు ఇంతకన్నా ఎక్కువ వేడితో రోజూ పనిచేస్తారు. అసలు చిక్కు వేరే చోట ఉంది.

ఆ బీమ్ కుళాయి నీళ్ళలా ధారగా రాదు, సెకనుకు 60 దెబ్బలుగా వస్తుంది. ఒక్కో దెబ్బలో సుమారు 23 కిలోజౌళ్ళు ఉంటాయి. టన్ను బరువున్న కారు గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో వచ్చి గుద్దినంత. ఆ గుద్దు కూడా ఒక మైక్రోసెకను లోపే ముగిసిపోతుంది. భాగించి చూడండి, ఆ క్షణంలో శక్తి 30 గిగావాట్లు దాటుతుంది. నిండు వేసవిలో తెలంగాణ రాష్ట్రమంతా కలిసి వాడుకునే కరెంటు కన్నా ఎక్కువ. అంతా నోట్‌బుక్ అట్టలో సగం కూడా లేని చోట, రెప్ప వేయడంలో వెయ్యో వంతుకు కూడా చాలా తక్కువ సమయంలో.

గాజు గ్లాసులో మరిగే టీ పోస్తే టప్‌మని పగులుతుంది కదా. వేడి తగిలిన వైపు వ్యాకోచించాలని చూస్తుంది, పక్కది కదలనివ్వదు. ఇక్కడ జరిగేది దానికి పెద్దన్న. ఓక్ రిడ్జ్ టార్గెట్ అంటే ఉక్కు గోడల మధ్య పారే పాదరసం. పాదరసంలో ధ్వని సెకనుకు దాదాపు 1450 మీటర్లు పోతుంది. అంటే ఒక మైక్రోసెకనులో మిల్లీమీటరున్నర. ఏ పదార్థమైనా తన లోపల ధ్వని వేగం కన్నా తొందరగా వ్యాకోచించలేదు. వేడేమో అప్పటికే పడిపోయింది, పక్కకు జరగడానికి టైమ్ లేదు. పాదరసం వేడెక్కేది కొద్ది డిగ్రీలే అయినా ఆ జరగలేకపోవడం అంతా ఒత్తిడిగా మారుతుంది. ఆ ఒత్తిడి అలై వెళ్ళి గోడను కొడుతుంది. పై అంతస్తు కుళాయి ఠక్కున కట్టేస్తే పైపుల్లో ధన్‌మని మోగుతుంది చూడండి, ఆ మోత సెకనుకు 60 సార్లు.

పాదరసమే ఎందుకు ఎంచుకున్నారో కూడా చెప్పాలి. ద్రవానికి పగుళ్ళు రావు, దాని స్ఫటికాలు పాడవడం అనేది ఉండదు, పంపు పెట్టి తిప్పితే తన వేడిని తానే మోసుకుపోతుంది. మంచి ఆలోచన. గది ఉష్ణోగ్రతలో ద్రవంగా ఉండే బరువైన లోహం అదొక్కటే. అందుకే అమెరికా వాళ్ళూ, జపాన్‌లో తోకాయ్ దగ్గర జే-పార్క్ అనే ప్రయోగశాల వాళ్ళూ ఇద్దరూ పాదరసమే తీసుకున్నారు. ఓక్ రిడ్జ్ నిర్మాణం 1999 డిసెంబర్‌లో మొదలైంది.

పని అలా సాగుతుండగా, 2000 ప్రాంతంలో జపాన్ పరిశోధకులు పాదరసానికి మెకానికల్ దెబ్బలు తగిలించే ప్రయోగం ఒకటి చేశారు. లోహపు కడ్డీతో కొట్టి ఒత్తిడి అల పుట్టించడం, అంతే, బీమ్ ఏమీ లేదు. తర్వాత విప్పి చూస్తే గోడ మీద గుంటలు. ఆ సంగతి తెలియగానే అమెరికా వాళ్ళు లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాల‌లో నిజమైన ప్రోటాన్ దెబ్బలతో పరీక్షించారు. అక్కడా గుంటలే. యంత్రం కట్టడం మొదలైపోయింది, దాగలిలో నెర్రె వస్తుందని అప్పుడు తెలిసింది.

ఆ గుంటలు ఎలా పడతాయంటే, ఒత్తిడి అల గోడకు తగిలి వెనక్కి వచ్చేటప్పుడు పాదరసాన్ని లాగుతుంది. ద్రవం ఆ లాగుడుకు తెగిపోయి లోపల ఖాళీ బుడగలు ఏర్పడతాయి. మరుక్షణం అవి కూలిపోతాయి. గోడ పక్కన కూలే బుడగ అన్ని వైపుల నుంచీ సమంగా కూలదు, సూదిలాంటి ధారగా గోడ మీదికి దూకుతుంది. దీన్ని కేవిటేషన్ అంటాం. పంపు ఇంపెల్లర్లు, ఓడ ప్రొపెల్లర్లు గుల్లబారేది ఇందువల్లే. మెకానికల్ వాళ్ళకి ఇది చిన్ననాటి స్నేహితుడే. కానీ ఇక్కడ నీటికి పదమూడున్నర రెట్లు బరువైన ద్రవం.

మొదటి టార్గెట్ కోసి చూశాక తెలిసిన ముఖ్యమైన విషయం ఒకటుంది, మీరు గమనించాలి. టార్గెట్ ముక్కు దగ్గర రెండు గోడలుంటాయి. వాటి మధ్య సన్నని సందులో పాదరసం వేగంగా పారుతూ ఉంటుంది. ఆ వేగమైన ప్రవాహం ఉన్న వైపు దెబ్బ తక్కువగా ఉంది. పాదరసం నెమ్మదిగా ఉన్న వైపు గోడ తినేసి ఉంది. ఏ కంప్యూటర్ నమూనా కూడా ముందుగా ఇంత స్పష్టంగా చెప్పలేదు. కోసి చూస్తేనే తెలిసింది. తర్వాతి డిజైన్లలో గోడ వెంబడి పాదరసాన్ని ధారలా కొట్టించే ఏర్పాటు పెట్టారు.

అయినా కష్టాలు తీరలేదు. 2014లో రెండు టార్గెట్లు వరసగా, అనుకున్న దానికన్నా చాలా ముందే పాడయ్యాయి. అన్నిటికీ కారణం గుంటలే కాదు, వెల్డింగులాంటి అతుకుల దగ్గర అలసట పగుళ్ళు కూడా ఉన్నాయి. ఒక మిషన్‌కి సెకనుకు 60 దెబ్బలంటే రోజుకు 50 లక్షల పైచిలుకు. మన ల్యాబుల్లో ఫెటీగ్ టెస్ట్ కోటి సైకిళ్ళ దగ్గర ఆపేసి 'ఇక చాలు' అంటాం. ఇక్కడ ఆ కోటి రెండు రోజుల్లో అయిపోతుంది. ఆ వైఫల్యాల తర్వాత కొంతకాలం బీమ్ పవర్ తగ్గించి నడిపారు. మరుసటి ఏడాది 2015లో జపాన్‌లో కూడా రెండుసార్లు టార్గెట్ చుట్టూ ఉండే నీటి తొడుగు కారింది, యంత్రం ఆగింది.

దారి చూపింది ఏమిటో తెలుసా? బుడగలే. చెడ్డ బుడగల్ని ఆపడానికి మంచి బుడగల్ని పంపారు. పాదరసంలోకి సన్నని హీలియం బుడగలు వదిలితే, ఒత్తిడి పెరిగినప్పుడు అవి నొక్కుకుపోయి పాదరసానికి జరిగే చోటు ఇస్తాయి. పరుపులో దూదిలాగా. జపాన్ వాళ్ళు ముందు మొదలుపెట్టారు, ఓక్ రిడ్జ్‌లో 2017 చివర్లో పెట్టారు. టార్గెట్ ఒంటి మీద ఆప్టికల్ ఫైబర్ సెన్సర్లు అంటించి కొలిస్తే గోడ సాగడం బాగా తగ్గినట్టు తేలింది. 2018లో 1.4 మెగావాట్ల దగ్గర నిలకడగా నడిపారు. తర్వాత 1.7 దాటారు, 2 మెగావాట్ల వైపు పోతున్నారు. బీమ్ మొదలైన నాటి నుంచి డిజైన్ పవర్ దగ్గర నిలకడగా నడవడానికి 12 ఏళ్ళు పట్టింది. ఆ 12 ఏళ్ళలో ఎక్కువ భాగం పోరాటం ఈ గోడతోనే.

ఇంతవరకు దెబ్బ సంగతి. ఇప్పుడు జబ్బు సంగతి. దెబ్బ బయటికి కనిపిస్తుంది, జబ్బు లోపల పెరుగుతుంది.

ప్రోటాన్లూ న్యూట్రాన్లూ లోహంలోంచి దూసుకుపోతూ పరమాణువుల్ని వాటి స్థానాల నుంచి తోసేస్తాయి. సగటున ఒక్కో పరమాణువు ఎన్నిసార్లు కదిలిపోయిందో లెక్కపెట్టే కొలతను డీపీఏ అంటారు. 5 డీపీఏ అంటే ఆ లోహంలో ప్రతి పరమాణువూ సగటున ఐదుసార్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళినట్టు. చాలావరకు తిరిగొచ్చి సర్దుకుంటాయి. సర్దుకోనివి మిగిలిపోయి లోహాన్ని గట్టిగా, పెళుసుగా చేస్తాయి.

ఇక్కడ ఒక ప్రశ్న సహజంగా వస్తుంది. అణు రియాక్టర్లలో 70 ఏళ్ళుగా ఈ రేడియేషన్ నష్టాన్ని చదువుతున్నాం కదా, ఆ డేటా వాడుకోవచ్చు కదా? కొంతవరకే. శక్తిమంతమైన ప్రోటాన్ కేంద్రకాన్ని ముక్కలు చేసినప్పుడు హీలియం, హైడ్రోజన్ పుట్టుకొస్తాయి. మామూలు రియాక్టరులో ఉక్కుకు ఒక డీపీఏ అయ్యే లోపు పది లక్షల పరమాణువులకు ఒకటో, అంతకన్నా తక్కువో హీలియం పుడితే, మా దగ్గర వంద దాకా, ఆ పైన కూడా పుడుతుంది. హీలియం దేనితోనూ కలవదు. లోహపు రేణువుల సరిహద్దుల్లో చేరి బుడగలు కడుతుంది. ఇడ్లీ పిండి రాత్రంతా పులిసి పొద్దున్నే గిన్నె దాటి పొంగినట్టు లోహం లోపల్నుంచి ఉబ్బుతుంది. పిండికి అది మేలు. బీమ్ దారిలో పెట్టే పలచని లోహపు రేకును కిటికీ అంటాం, బెరీలియం కిటికీకి మాత్రం అది చావు.

అందుకే రియాక్టర్ పుస్తకం తెరిచి గ్రాఫు చూసి డిజైన్ చేద్దామంటే కుదరదు. ఒక ఉదాహరణ. 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలిసిన టైటానియం మిశ్రమం మీ అందరికీ తెలుసు. విమానాల్లో వాడతారు, హైదరాబాద్‌లో మిధానిలో టైటానియం మిశ్రమాలు తయారవుతాయి. బీమ్ వచ్చే దారిలో పెట్టే కిటికీ రేకులకు దీన్ని వాడుతున్నాం. ప్రోటాన్లు తగిలాక పరీక్షిస్తే, ఒక డీపీఏలో పావు వంతు కూడా నిండకుండానే అది ఏకరీతిగా సాగే గుణాన్ని దాదాపు పోగొట్టుకుంది. అదే టైటానియంలో ఇంకో రకం, 15 శాతం వెనేడియం కలిసింది, దాదాపు గట్టిపడనే లేదు. రెండూ టైటానియమే. ఎందుకింత తేడా? లోపలి స్ఫటిక అమరిక వేరు. దీన్ని బాగా అర్థం చేసుకుంటే తర్వాతి తరం కిటికీ మన చేతిలో ఉన్నట్టే. ఇంకా పూర్తిగా కాలేదు.

గ్రాఫైట్ కథ చెబుతాను. నాకు చాలా ఇష్టమైన కథ ఇది. చికాగో దగ్గర ఫెర్మీల్యాబ్‌లో న్యూట్రినో బీమ్ పుట్టించే గ్రాఫైట్ టార్గెట్ ఒకటి 2006 నుంచి 2009 దాకా పనిచేసింది. సన్నని గ్రాఫైట్ పలకలు వరసగా పేర్చి ఉంటాయి. బయటికి ఏ తేడా లేదు. నీళ్ళు కారలేదు, అలారం మోగలేదు. కానీ న్యూట్రినోలను లెక్కించే డిటెక్టరు వాళ్ళు నెల నెలా గ్రాఫులు వేసుకుంటుంటే లెక్క నెమ్మదిగా తగ్గుతూ వచ్చింది. చివరికి 10, 15 శాతం తగ్గింది. ముందు అందరూ తమ తమ పరికరాలనే అనుమానించారు. ఆఖరికి టార్గెట్టే ముసలిదైపోయిందని తేల్చారు. దాదాపు 6 పక్కన 20 సున్నాలు పెడితే ఎన్నో అన్ని ప్రోటాన్లు దాని గుండా పోయాయి. ఏళ్ళ తర్వాత దాన్ని విప్పి, పలకల్ని వాషింగ్టన్ రాష్ట్రంలోని మరో జాతీయ ప్రయోగశాలకు పంపి పరీక్షిస్తే బీమ్ తగిలిన చోట గ్రాఫైట్ ఉబ్బి ఉంది, కొన్ని పలకలు విరిగి ఉన్నాయి. అక్కడున్న మసక నల్లటి ముక్కలు చూసినప్పుడు, ఆ మూడేళ్ళ గ్రాఫు ఒక్కసారిగా అర్థమైనట్టు అనిపిస్తుంది.

అందులోంచి వచ్చిన పాఠం మళ్ళీ వంటింటి పాఠమే. గ్రాఫైట్‌ను కొంచెం వేడిగా ఉండనిస్తే స్థానం తప్పిన పరమాణువులు ఆ వేడికి కదిలి తిరిగి సర్దుకుంటాయి. అందుకే జపాన్‌లో టీ2కే అనే న్యూట్రినో ప్రయోగానికి 90 సెంటీమీటర్ల గ్రాఫైట్ కడ్డీని నీటితో కాకుండా వేగంగా పారే హీలియంతో చల్లబరుస్తున్నారు, అందులో అది వేడిగానే ఉంటుంది. ఫెర్మీల్యాబ్ కడుతున్న డ్యూన్ అనే న్యూట్రినో ప్రయోగపు టార్గెట్ కూడా హీలియంతో చల్లబడే గ్రాఫైట్ కడ్డీయే, మీటరున్నర పొడవు, బ్రిటన్‌లో రూపొందుతోంది. మొదట 1.2 మెగావాట్లు, తర్వాత 2.4. ఆ 2.4 దగ్గర కడ్డీ ఎన్ని నెలలు బతుకుతుంది అన్నదే పెద్ద ప్రశ్న.

మరి తెలుసుకోవడం ఎలా? ఇక్కడే అసలు ఇబ్బంది. మేము చేసే పరీక్ష చాలా నెమ్మది. న్యూయార్క్ దగ్గర బ్రూక్‌హేవెన్‌లో ఒక ప్రోటాన్ బీమ్ ఉంది. గుండె స్కానింగ్‌కు కావలసిన ఐసోటోపులు తయారుచేయడం దాని రోజువారీ పని. ఆ బీమ్ దారిలో ముందు మా నమూనాల పెట్టె పెడతాం. ప్రోటాన్లు మా ముక్కల గుండా పోయి, మిగిలిన శక్తితో ఐసోటోపులు తయారుచేస్తాయి. ఒకే బీమ్, రెండు పనులు. నాకు ఆ ఏర్పాటు అంటే గౌరవం. కొన్ని వారాలు అలా కాల్చాక నమూనాలు తాకలేనంత రేడియోయాక్టివ్ అవుతాయి. కొన్ని నెలలు చల్లారనివ్వాలి. తర్వాత బరువైన కవచపు పెట్టెలో దేశం ఆ చివర నుంచి ఈ చివరకు లారీలో పంపాలి. అక్కడ హాట్ సెల్‌లో వరుసలో నిలబడాలి.

మా నమూనాల పెట్టె ఒకటి అలాంటి ఒక వరుసలో ఏడాదికి పైగా ఉండిపోయింది. ఎక్కడ అన్నది అనవసరం. అక్కడి వాళ్ళు మంచివాళ్ళే, పని ఎక్కువ, చేతులు తక్కువ. ఆ ఏడాదిలో మా జట్టులో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి డేటా లేకుండా థీసిస్ ఎలా రాయాలో తెలియక ఎంత టెన్షన్ పడిందో నేను పక్కనుండి చూశాను. చివరికి ఆ అమ్మాయి విషయం మార్చుకుంది. ముక్కలు వచ్చాయి, వాటిని చదవాల్సిన మనిషి వెళ్ళిపోయింది. ఇది నాకు ఇప్పటికీ బాధే.

జెనీవాలో సెర్న్ దగ్గర హైరాడ్‌మ్యాట్ అనే ఇంకో సౌకర్యం ఉంది. అక్కడ 440 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్లను ఒకే ఒక్క దెబ్బగా నమూనా మీద వేసి అది పగులుతుందో లేదో చూస్తారు. 2018లో ఒక మంచి పని జరిగింది. బ్రూక్‌హేవెన్‌లో ముందే రేడియేషన్ తిన్న ముక్కల్ని అక్కడికి తీసుకెళ్ళి దెబ్బ కొట్టారు. అంటే ముసలితనం ఒక చోట, దెబ్బ ఇంకో చోట. నిజజీవితంలో టార్గెట్‌కు రెండూ కలిసే వస్తాయి కదా, అందుకే ఆ ప్రయోగం అంత విలువైనది. ఇదంతా రేడియేట్ అనే అంతర్జాతీయ బృందం 2012 నుంచి కలిసి చేస్తున్న పని. అంతకుముందు ఏ ప్రయోగశాలకు ఆ ప్రయోగశాల తన పగుళ్ళను తనే చూసుకునేది.

నన్నడిగితే ఈ రంగానికి మొట్టమొదట కావలసింది కొత్త మిశ్రమం కాదు, ఎక్కువ హాట్ సెల్ టైమూ, అక్కడ పనిచేసే చేతులూ. కొత్త మిశ్రమాలకు కొదవ లేదు. ఐదారు లోహాలు సమపాళ్ళలో కలిపిన హై ఎంట్రోపీ మిశ్రమాలున్నాయి, పెళుసుదనం తగ్గించిన టంగ్‌స్టన్ ఉంది, దెబ్బను పగుళ్ళు లేకుండా మింగే సన్నని నూలు పోగుల సెరామిక్ ఉంది. అన్నీ ఆశ కలిగించేవే. కానీ ప్రోటాన్లతో కాల్చి, కోసి, చూసేదాకా అవన్నీ పేర్లే. ఆ కోసి చూసే పనికి డబ్బు అడిగితే కమిటీలలో ముఖాలు వాడిపోతాయి. కొత్త యంత్రానికి రిబ్బన్ కట్ చేయొచ్చు, కోసిన ముక్కకు ఏం కట్ చేస్తారు? ఈ ధోరణి మారాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

దగ్గర దారులు లేవా అంటే ఉన్నాయి. చిన్న యాక్సిలరేటర్లలో బరువైన అయాన్లతో కాలిస్తే ఏళ్ళ నష్టం గంటల్లో వస్తుంది, ముక్క రేడియోయాక్టివ్ కూడా అంతగా కాదు. అయితే ఆ నష్టం కొన్ని మైక్రాన్ల లోతు వరకే. అంత పలచని పొర బలాన్ని కొలవాలంటే వెంట్రుక మందంలో పదో వంతు దూలాలు చెక్కి, వంచి చూడాలి. అలా వచ్చిన అంకె అసలు గోడకు ఎంతవరకు వర్తిస్తుంది? ఈ లంకె వేయడం మంచి పరిశోధన విషయం. దీనికి కంప్యూటర్ మోడలింగ్, మెటలర్జీ, మెకానిక్స్ మూడూ కావాలి.

ఇంకో దారి దెబ్బను పంచడం. మన తిరగలి రాయి గుర్తు తెచ్చుకోండి. స్వీడన్‌లో లుండ్ దగ్గర కడుతున్న యూరోపియన్ స్పాలేషన్ సోర్స్‌ను 5 మెగావాట్లకు డిజైన్ చేశారు. అక్కడ టార్గెట్ ఒక చక్రం, రెండున్నర మీటర్ల పైన వ్యాసం, లోపల దాదాపు 7000 టంగ్‌స్టన్ ఇటుకలు, హీలియంతో చల్లబడుతుంది. చక్రాన్ని 36 భాగాలు చేశారు. సెకనుకు 14 దెబ్బలు, ప్రతి దెబ్బ పక్క భాగం మీద. అంటే ఒక భాగానికి మళ్ళీ వంతు వచ్చేసరికి రెండున్నర సెకన్లు విశ్రాంతి. చక్కని ఇంజినీరింగ్. కానీ ఏళ్ళ తరబడి రేడియేషన్‌లో తిరగాల్సిన బేరింగులు, సీళ్ళు, వాటి కొత్త తలనొప్పులు వాటికుంటాయి.

మన సంగతి. ఫెర్మీల్యాబ్ కొత్తగా కడుతున్న పిప్-టూ యాక్సిలరేటర్‌కు మన అణుశక్తి శాఖ ప్రయోగశాలలు భాగాలు తయారుచేస్తున్నాయి. ముంబై బార్క్, ఇందోర్ ఆర్‌ఆర్‌క్యాట్, కోల్‌కతా వీఈసీసీ వగైరా. హైదరాబాద్ విశ్వవిద్యాలయం వాళ్ళు అక్కడి న్యూట్రినో ప్రయోగాల్లో ఉన్నారు. అంటే సుత్తి తయారీలో మన చెయ్యి ఉంది, ఫలితం చదవడంలో మన చెయ్యి ఉంది. మధ్యలో దాగలి దగ్గర కూడా ఉండాలన్నది నా కోరిక. స్విట్జర్లాండ్‌లో సింక్ అనే న్యూట్రాన్ కేంద్రంలో టార్గెట్ అంటే సీసం నింపిన జిర్కలాయ్ గొట్టాల కట్ట. జిర్కలాయ్ అంటే జిర్కోనియం మిశ్రమం. జిర్కలాయ్ గొట్టాలు హైదరాబాద్‌లో మన ఈసీఐఎల్ పక్కన, అణు ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీలో రియాక్టర్ల కోసం దశాబ్దాలుగా చేస్తున్నారు. అదే సింక్‌లో 2006లో నాలుగు నెలలు సీసం, బిస్మత్ కలిపిన ద్రవ టార్గెట్ నడిపి చూశారు. పాత ఘన టార్గెట్‌తో పోలిస్తే న్యూట్రాన్లు 80 శాతం దాకా పెరిగాయి. తర్వాత దాన్ని గడ్డకట్టించి, ముక్కలు కోసి ఏళ్ళ తరబడి చదివారు. థోరియంను మండించడానికి యాక్సిలరేటర్‌తో నడిచే రియాక్టర్ కావాలని మన శాస్త్రవేత్తలు ఎప్పటి నుంచో అంటున్నారు. థోరియం ఉండే మోనజైట్ ఇసుక మన శ్రీకాకుళం, విశాఖ తీరాల్లోనే బోలెడు ఉంది. అలాంటి రియాక్టర్ నడిబొడ్డున ఉండేది కూడా ఒక టార్గెట్టే. అది ఆగితే రియాక్టర్ ఆగుతుంది. అందువల్ల ఈ పని ఎవరో విదేశాల్లో చేసుకునేది అని వదిలేయడానికి లేదు.

టైమ్ అయిపోతోంది అంటున్నారు. ఒక్క ప్రశ్న తీసుకుంటాను. మూడో వరుసలో, చెప్పు బాబూ.

"మేడమ్, మా కాలేజీలో యాక్సిలరేటర్ కాదు కదా, మంచి మైక్రోస్కోపు కూడా లేదు. మేము ఇప్పుడు ఏం చేయగలం?"

కూర్చో నాన్నా, మంచి ప్రశ్న. మీ కెమిస్ట్రీ ల్యాబులో గాజు సామాను కడిగే అల్ట్రాసోనిక్ క్లీనర్ ఉందా? ఉంది అంటున్నారు. వంటింట్లో చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ ముక్క కోసి, దారంతో కట్టి ఆ నీళ్ళలో నిలువుగా వేలాడదియ్. ఒక నిమిషం నడిపి తీసి, కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకో. ఇందాక తెర మీద చూసిన గుంటలే నీ చేతిలో కనిపిస్తాయి, కొన్ని చోట్ల చిల్లులోంచి వెలుతురు వస్తుంది. ఫొటో తీసి చిల్లులు లెక్కపెట్టు. తర్వాత నీళ్ళు మార్చు. ఒకసారి మరిగించి చల్లార్చిన నీళ్ళతో, అంటే గాలి పోయిన నీళ్ళతో చెయ్యి. ఇంకోసారి అప్పుడే మూత తీసిన సోడాతో చెయ్యి. ప్రతిదీ పదిసార్లు చెయ్యి, ఒకసారి చేసి ఆపకు. సోడాలో చిల్లులు తగ్గితే ఎందుకు తగ్గాయో నీకు ఇప్పటికే తెలుసు, పాదరసంలోకి హీలియం ఎందుకు వదిలారో చెప్పాను కదా. ఫాయిల్ ముక్కలు పారేయకు, తేదీలు రాసి నోట్‌బుక్‌లో అంటించు. వచ్చే నెల నేను మళ్ళీ వస్తాను, ఆ నోట్‌బుక్ పట్టుకురా. ఇద్దరం కలిసి చూద్దాం.